పదార్థ నిర్ణయం – సమాచార రక్షణ

పాఠ్యభాగ పరిచయం

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. విషయాన్ని నిర్వచించి, విభజించి, సోదాహరణంగా నిరూపించడం శాస్త్ర వ్యాసానికి లక్షణం. నేడు విద్యార్థి మార్కులు, రోగి వైద్య వివరాలు, రైతు భూమి హక్కులు కంప్యూటర్లలో నిక్షిప్తమై ఉంటున్నాయి. అట్టి సమాచారానికి కలుగగల నష్టాన్ని ముందుగా ఊహించి, తగిన రక్షణ కల్పించడం అత్యవసరం. ఆ ప్రయత్నంలో పదాల అర్థాన్ని, అర్థాల మధ్య గల సంబంధాన్ని నిర్ణయించే ‘ఆంటాలజీ’ ఏ విధంగా తోడ్పడుతుందో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

2017 మే 12వ తేదీ, శుక్రవారం. ఇంగ్లండులోని అనేక ఆసుపత్రులలో కంప్యూటర్ తెరలపై రోగుల వివరాలకు బదులు, డబ్బు చెల్లించవలసిందిగా కోరే ప్రకటన ప్రత్యక్షమైంది. ‘వానాక్రై’ అనే దుష్ట ప్రోగ్రాం ఆ కంప్యూటర్లలోని ఫైళ్లను ఎవరూ చదవలేని గూఢలిపిలోకి మార్చివేసింది. కొన్ని ప్రాంతాలలో అత్యవసర విభాగాలకు వచ్చే రోగులను ఇతర ఆసుపత్రులకు తరలించవలసి వచ్చింది. ఇంగ్లండు జాతీయ ఆరోగ్య సేవకు చెందిన 236 ట్రస్టులలో మూడింట ఒక వంతుకు పైగా ఈ ఉపద్రవానికి లోనైనాయి. రద్దయిన వైద్యుల అపాయింట్‌మెంట్లు 19,000కు మించి ఉంటాయని తరువాత అంచనా వేశారు. అదే తెగులు దాదాపు 150 దేశాలకు వ్యాపించింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లకు సైతం అది సోకినట్లు నాటి వార్తల వల్ల తెలుస్తున్నది.

ఈ ఉదంతంలో విశేషంగా గమనింపదగిన అంశం ఒకటి ఉంది. వానాక్రై ప్రవేశించడానికి ద్వారమైన లోపం విండోస్ వ్యవస్థలో ఉన్నది. ఆ లోపాన్ని పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ సంస్థ 2017 మార్చి 14ననే, అనగా దాదాపు రెండు నెలల ముందే విడుదల చేసింది. మార్చి, ఏప్రిల్ నెలలలో ఆసుపత్రులకు హెచ్చరికలు కూడా వెళ్లాయి. అయితే ఆ హెచ్చరికను ఎవరు పాటించారో, ఎవరు పాటించలేదో తెలుసుకొనే నియతమైన విధానం ఆరోగ్య శాఖ వద్ద లేదని బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం అదే సంవత్సరం అక్టోబరులో నివేదించింది.

వ్యాధి ఏదో తెలుసు. మందు ఏదో తెలుసు. కాని ఏ లోపం ఏ యంత్రంలో మిగిలి ఉన్నది, ఆ యంత్రం ఏ పనికి ఆధారం, ఆ పని ఆగితే ఎవరికి హాని అనే విషయాలను ఒకదానితో ఒకటి ముడివేసి చూడడం సాధ్యం కాలేదు. జ్ఞానం లేకపోవడం కాదు, ఉన్న జ్ఞానం విడివిడిగా పడి ఉండడం ఇక్కడి సమస్య. ఇట్టి సమస్యకు పరిష్కారం వెదికే క్రమంలోనే సమాచార రక్షణ రంగ పరిశోధకుల దృష్టి ఆంటాలజీ వైపు మళ్లింది.

నష్టసంభావ్యత – దాని అంగాలు

సమాచార రక్షణ అనగా ప్రధానంగా మూడు ధర్మాలను కాపాడడం. సమాచారం అనర్హుల కంట పడకుండా ఉండడం గోప్యత. ఎవరూ దానిని అక్రమంగా మార్చకుండా ఉండడం సమగ్రత. అర్హులైన వారికి అవసరమైన వేళకు అందడం లభ్యత. పరీక్ష ప్రశ్నపత్రం ముందే బయటపడితే గోప్యతకు భంగం కలుగుతుంది. మార్కుల జాబితాలో 45ను 95గా దిద్దితే సమగ్రత చెడుతుంది. ఫలితాల రోజున కంప్యూటర్ పనిచేయకపోతే లభ్యత లోపిస్తుంది.

ఈ మూడింటిలో దేనికి, ఎంతమేరకు, ఏ మార్గాన భంగం కలుగవచ్చునో ముందుగా లెక్కగట్టడం నష్టసంభావ్యతా విశ్లేషణ. వాడుకలో దీనినే ‘రిస్క్ ఎనాలిసిస్’ అంటారు. ఇందులో నాలుగు అంగాలు ముఖ్యమైనవి. కాపాడుకోవలసిన వస్తువు సంపద. దానికి హాని చేయగల కారణం ముప్పు. ఆ హానికి తావిచ్చే బలహీనత లోపం. హానిని నివారించే లేదా తగ్గించే సాధనం రక్షణోపాయం. ముప్పు లోపం ద్వారా ప్రవేశించి సంపదకు హాని కలిగించే అవకాశం ఎంత, కలిగితే నష్టం ఎంత అనే రెండింటి కలయికయే నష్టసంభావ్యత.

వినడానికి ఇది సులభంగానే తోస్తుంది. ఆచరణలో మాత్రం పదాల దగ్గరనే చిక్కు మొదలవుతుంది. ఉదాహరణకు ఒక కళాశాల ఆఫీసులో సమాచార రక్షణను గురించి సమావేశం జరిగిందనుకొందాం. “మనకున్న ప్రమాదం ఏమిటి?” అని ప్రిన్సిపాల్ ప్రశ్నించారు. “వైరస్ సార్” అని కంప్యూటర్ ఆపరేటర్ బదులిచ్చాడు. “మన కంప్యూటర్లు పాతవి కావడమే ప్రమాదమండీ” అన్నారు సూపరింటెండెంటు. “స్కాలర్‌షిప్పు వివరాలు పోతే పిల్లలకు డబ్బు అందదు, అంతకు మించిన ప్రమాదం ఏముంటుంది సార్?” అన్నారు సీనియర్ అసిస్టెంటు. ముగ్గురూ ఒకే పదాన్ని వాడారు. కాని మొదటివారు చెప్పినది ముప్పు. రెండవవారు చెప్పినది లోపం. మూడవవారు చెప్పినది నష్టం. ఎవరి మాటా అబద్ధం కాదు. అయితే మూడు వేర్వేరు విషయాలకు ఒకే పేరు పెట్టినందువల్ల ఎంతసేపు చర్చించినా నిర్ణయం కుదరదు. పేరు కుదిరితే గాని పని కుదరదు.

పట్టికల పరిమితి

నష్టసంభావ్యతను విశ్లేషించడానికి మార్గదర్శక గ్రంథాలు లేకపోలేదు. అమెరికాకు చెందిన జాతీయ ప్రమాణాల, సాంకేతిక సంస్థ 2002లో ఒక మార్గదర్శినిని ప్రచురించి, 2012లో దానిని సవరించింది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 27005 సంఖ్య గల ప్రమాణాన్ని 2008లో తొలిసారి వెలువరించింది. వీటిని అనుసరించే సంస్థలు సాధారణంగా సంపదలు, ముప్పులు, లోపాలు, రక్షణోపాయాలను పెద్ద పట్టికలుగా రాసుకొంటాయి.

పట్టిక మేలైన సాధనమే గాని దానికి పరిమితులు ఉన్నాయి. ఒక పట్టికలో ‘సర్వర్’ అని, మరొకదానిలో ‘ప్రధాన కంప్యూటర్’ అని రాస్తే రెండూ ఒకటేనని పట్టిక గ్రహించలేదు. ఒక వరుసకు, మరొక వరుసకు గల సంబంధం రాసినవారి మనసులో ఉంటుందే కాని పట్టికలో కనిపించదు. ఆ ఉద్యోగి బదిలీపై వెళ్తే ఆ సంబంధ జ్ఞానం కూడా ఆయనతో పాటే వెళ్లిపోతుంది. కొత్త యంత్రం చేరినప్పుడల్లా, కొత్త లోపం బయటపడినప్పుడల్లా విషయమంతా మళ్లీ మొదటి నుంచి పరిశీలించవలసి వస్తుంది.

పదార్థ విచారణ

పదాలకు అర్థం నిర్ణయించుకొని పిదప విచారణకు పూనుకోవడం భారతీయ శాస్త్ర సంప్రదాయానికి కొత్త కాదు. నేడు ‘పదార్థం’ అనగా భౌతికశాస్త్రంలో చెప్పే ద్రవ్యమే స్ఫురిస్తుంది. కాని పదం యొక్క అర్థం పదార్థం. అనగా పదం చేత చెప్పబడే వస్తువు. కణాదుని వైశేషిక దర్శనం లోకంలోని సమస్తాన్ని ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం అనే పదార్థాలుగా విభజించింది. తరువాతివారు ‘అభావం’ అనే ఏడవ పదార్థాన్ని చేర్చారు. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం ఈ ఏడు పదార్థాలను పేర్కొంటుంది. ఇందులో గుణకర్మలు ద్రవ్యాన్ని ఆశ్రయించి ఉంటాయి. కనుక ఇది పేర్ల జాబితా మాత్రమే కాదు, వాటి మధ్య గల సంబంధాల వ్యవస్థ కూడా.

రాజ్యరక్షణ గ్రంథమైన కౌటిల్యుని అర్థశాస్త్రం తన చివరి అధికరణంలో 32 తంత్రయుక్తులను వివరిస్తుంది. శాస్త్రాన్ని ఎట్లా నిర్మించాలో, ఎట్లా చదవాలో తెలిపే సూత్రాలివి. వాటిలో పదార్థం ఒకటి. ఇతరులు వాడని పదాన్ని తన శాస్త్రంలో ప్రత్యేకార్థంలో వాడుకొనే స్వసంజ్ఞ మరొకటి. కోటలు, గూఢచారులు, కోశాగారాలను గురించి చెప్పిన గ్రంథం పదాల అర్థ నిర్ణయానికి కూడా అంత ప్రాధాన్యం ఇచ్చింది.

నిఘంటువులలోనూ ఈ దృష్టి కనిపిస్తుంది. అమరకోశం పదాలను అకారాది క్రమంలో కాక విషయాన్ని బట్టి వర్గాలుగా కూర్చింది. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామ సంగ్రహాన్ని దేవవర్గు, మానవవర్గు, స్థావరవర్గు మొదలైన వర్గులుగా రచించాడు. అమరకోశంలో అంతర్లీనంగా ఉన్న ఇట్టి సంబంధాలను కంప్యూటర్ గ్రహించే రూపంలోకి తెచ్చే కృషి హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో జరిగింది. అంతమాత్రాన పూర్వులు కంప్యూటర్ శాస్త్రాన్ని ముందే ఊహించారని చెప్పరాదు. విషయాన్ని వర్గీకరించి, సంబంధాలను తేటతెల్లం చేయాలనే అవసరం మాత్రం నాటికీ నేటికీ ఒకటే.

ఆంటాలజీ స్వరూపం

ఆంటాలజీ అనే పదం పాశ్చాత్య తత్త్వశాస్త్రానికి చెందినది. ఉనికిని గురించిన విచారణ అని దానికి అర్థం. కంప్యూటర్ శాస్త్రజ్ఞులు ఈ పదాన్ని స్వీకరించి పరిమితమైన అర్థంలో వాడుతున్నారు. ఒక రంగానికి సంబంధించి మన మనసులో ఉన్న భావాల నిర్మాణాన్ని విస్పష్టంగా వ్యక్తీకరించడమే ఆంటాలజీ అని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ గ్రూబర్ 1993లో నిర్వచించాడు.

ఇందులో నాలుగు భాగాలుంటాయి. మొదటిది వర్గం: ‘కంప్యూటర్’, ‘గది’, ‘ముప్పు’ వంటివి. రెండవది వ్యక్తి: ఆ వర్గానికి చెందిన ఒకానొక నిర్దిష్ట వస్తువు, ఉదాహరణకు ఆఫీసు గదిలోని ఫలానా కంప్యూటర్. మూడవది సంబంధం: ‘లో ఉన్నది’, ‘భాగమై ఉన్నది’, ‘హాని చేస్తుంది’, ‘నివారిస్తుంది’ వంటివి. నాలుగవది నియమం: ఒక సంబంధం నుంచి మరొక సంబంధాన్ని ఎట్లా రాబట్టాలో చెప్పేది. నిఘంటువు మనిషి కోసం రాసినది. ఆంటాలజీ మనిషితో పాటు యంత్రం కూడా గ్రహించేటట్లు రాసినది. ఇదే ఆ రెండింటికీ గల ప్రధానమైన భేదం.

ఇట్లా రాయడానికి ప్రత్యేక భాషలు ఏర్పడ్డాయి. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2004లో ‘ఔల్’ అనే ఆంటాలజీ భాషను ప్రమాణంగా ప్రకటించింది. 2009లో దాని రెండవ రూపం వెలువడింది. ఈ భాషలో రాసిన విషయాలను పరిశీలించి, వాటి నుంచి కొత్త విషయాలను తర్కబద్ధంగా రాబట్టే ప్రోగ్రాములు ఉన్నాయి. పొగను చూచి నిప్పును ఊహించడాన్ని తార్కికులు అనుమానం అన్నారు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందనే నియమం తెలిసి ఉంటేనే ఆ ఊహ సాధ్యం. ఈ ప్రోగ్రాములు చేసే పని కూడా అట్టిదే. నియమం ఇస్తేనే అవి నిగమనానికి చేరగలవు.

ఒక ఉదాహరణ

ఇంతకు ముందు చెప్పుకొన్న కళాశాలనే మళ్లీ గమనిద్దాం. ఆ కళాశాలలో విద్యార్థుల మార్కుల జాబితా ఒక సంపద. దానికి రక్షణగా ఒక నకలు తీసి ఉంచారు. పట్టికలో ‘మార్కుల జాబితా’ అనే వరుసకు ఎదురుగా ‘నకలు ఉన్నది’ అని రాసి ఉంది. చూచిన వారెవరైనా తృప్తి పడతారు.

ఇదే విషయాన్ని ఆంటాలజీలో ఈ విధంగా రాయవలసి ఉంటుంది. మార్కుల జాబితా ఆఫీసు కంప్యూటర్‌లో ఉన్నది. ఆ కంప్యూటర్ ఆఫీసు గదిలో ఉన్నది. జాబితా నకలు ఒక హార్డ్ డిస్కులో ఉన్నది. ఆ హార్డ్ డిస్కు బీరువాలో ఉన్నది. ఆ బీరువా ఆఫీసు గదిలో ఉన్నది. వీటికి తోడు రెండు నియమాలు చేర్చాలి. ఒక వస్తువు రెండవదానిలోనూ, రెండవది మూడవదానిలోనూ ఉంటే, మొదటిది మూడవదానిలో ఉన్నట్లే. ఒక గదికి అగ్నిభయం ఉంటే ఆ గదిలోని వస్తువులన్నింటికీ ఆ భయం ఉన్నట్లే.

ఇప్పుడు అనుమాన ప్రోగ్రాం అసలు జాబితా, దాని నకలు రెండూ ఒకే గదిలో ఉన్నాయని, ఒకే నిప్పు రెండింటినీ దహించగలదని తేల్చి చెబుతుంది. ఈ మాట ఎవరూ రాయలేదు. రాసిన మాటల నుంచే అది వెలువడింది. నకలును మరొక భవనంలో ఉంచాలనే నిర్ణయానికి ఇది ఆధారమవుతుంది. ఒక గదిలోని రెండు వస్తువులను కంటితో చూచి కూడా ఈ సంగతి కనిపెట్టవచ్చు. కాని వందలాది గదులు, వేలాది యంత్రాలు గల ఆసుపత్రిలోనో, బ్యాంకులోనో అట్లా చూడడం మనిషికి అలవి కాదు.

ఇట్టి గొలుసు సంబంధం ఎంత ముఖ్యమో 2021 డిసెంబరులో లోకానికి తెలిసివచ్చింది. అపాచీ సంస్థ వెలువరించే ‘లాగ్‌ఫోర్‌జె’ అనే చిన్న సాఫ్ట్‌వేర్ భాగంలో తీవ్రమైన లోపం బయటపడింది. తీవ్రతను కొలిచే ప్రమాణంలో దానికి 10కి 10 అంకెలు వచ్చాయి. లోపం కన్నా దానిని వెదకడం కష్టమైంది. ఏలనగా ఆ భాగం మరొక ప్రోగ్రాంలో, ఆ ప్రోగ్రాం ఇంకొక దానిలో ఒదిగి ఉంటుంది. తాము దానిని వాడుతున్నామనే సంగతి అనేక సంస్థలకు తెలియదు. ‘భాగమై ఉన్నది’ అనే ఒక్క సంబంధాన్ని ముందే క్రమంగా నమోదు చేసుకొన్న చోట ఆ వెదుకులాట తేలికవుతుంది.

పరిశోధన క్రమం

లోపాలకు ఉమ్మడి పేర్లు పెట్టడం ఈ మార్గంలో తొలి మెట్టు. ఒకే లోపాన్ని వేర్వేరు సంస్థలు వేర్వేరు పేర్లతో పిలుస్తుండగా, అమెరికాలోని మైటర్ సంస్థ 1999లో ‘సి.వి.ఇ.’ అనే జాబితాను ఆరంభించి ఒక్కొక్క లోపానికి ఒక్కొక్క సంఖ్యను కేటాయించింది. వానాక్రై వాడుకొన్న లోపానికి 2017–0144 అనే సంఖ్య ఉన్నది.

పేరుతో పాటు సంబంధాలు కూడా కావాలనే ఆలోచన తరువాత బలపడింది. సమాచార రక్షణకు ఒక ఆంటాలజీ అవసరమని మార్క్ డానర్ 2003లో ఒక సంపాదకీయంలో ప్రతిపాదించాడు. 2007లో స్వీడన్ దేశపు లిన్‌షోపింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఔల్ భాషలో ఒక ఆంటాలజీని ప్రచురించారు. అందులో 88 ముప్పు వర్గాలు, 79 సంపద వర్గాలు, 133 రక్షణోపాయ వర్గాలు, వాటి మధ్య 34 సంబంధాలు ఉన్నాయి.

ఆస్ట్రియా రాజధాని వియన్నాలో స్టీఫన్ ఫెంజ్, ఆండ్రియాస్ ఎకెల్‌హార్ట్ 2009లో మరొక ఆంటాలజీని ప్రకటించారు. జర్మనీ ప్రభుత్వ సంస్థ రూపొందించిన రక్షణ కరదీపికలోని విషయాలను వారు ఇందులో పొందుపరచారు. కంప్యూటర్లనే గాక భవనాలు, అంతస్తులు, గదులను కూడా ఇది లెక్కలోకి తీసుకొంటుంది. ఒక ముప్పు మరొక ముప్పుకు దారితీస్తుందనే సంబంధం కూడా ఇందులో ఉంది. ముప్పు సంభవించే అవకాశాన్ని అంచనా వేయడానికి ఆంటాలజీ ఆధారంగా సంభావ్యతా జాలాలను నిర్మించే పద్ధతిని కూడా అదే కాలంలో ప్రతిపాదించారు. గణితంలో సంభావ్యతా పాఠాలలో కనిపించే బేయీజ్ సిద్ధాంతమే దీనికి మూలం.

2021లో మైటర్ సంస్థ ‘డిఫెండ్’ అనే జ్ఞానజాలాన్ని వెలువరించింది. దాడి పద్ధతులను వర్ణించే తమ పూర్వ గ్రంథమైన ‘అటాక్’లోని అంశాలకు, వాటిని ఎదుర్కొనే రక్షణ పద్ధతులకు గల సంబంధాన్ని ఇది ఆంటాలజీ రూపంలో చూపుతుంది.

ప్రయోజనాలు

ఆంటాలజీ వల్ల కలిగే మేలు నాలుగు విధాలుగా ఉంటుంది. మొదటిది ఏకవాక్యత. ప్రిన్సిపాల్, ఆపరేటర్, ఆడిటర్ ఒకే పదాన్ని ఒకే అర్థంలో వాడుతారు. రెండవది సమగ్ర పరిశీలన. ఏ రక్షణోపాయమూ లేని లోపాలేవి, ఏ లోపమూ పూడ్చని ఖర్చులేవి అనే ప్రశ్నలను యంత్రాన్నే అడగవచ్చు. మూడవది కారణ నిరూపణ. ఒక సంపదకు నష్టసంభావ్యత ఎక్కువని తేలినప్పుడు, ఏ గొలుసు వెంట ఆ ఫలితం వచ్చినదో వెనుకకు నడచి చూడవచ్చు. అధికారికి సంఖ్య ఒక్కటే చాలదు. ఆ సంఖ్యకు కారణం కూడా కావాలి. నాలుగవది పునర్వినియోగం. ఒకరు కూర్చిన సాధారణ జ్ఞానాన్ని మరొకరు గ్రహించి, తమ యంత్రాలను, గదులను మాత్రం చేర్చుకొంటే సరిపోతుంది. కొత్త లోపం బయటపడినప్పుడు ఆ ఒక్క విషయాన్ని చేర్చి, ఫలితాన్ని మళ్లీ రాబట్టుకోవచ్చు.

పరిమితులు

ఇంతటి ప్రయోజనం గల ఈ పద్ధతికి పరిమితులు కూడా ఉన్నాయి. అందులో ముఖ్యమైనది అభావాన్ని గురించినది. ఔల్ భాషలో ఒక విషయం రాసి లేనంత మాత్రాన అది అబద్ధమని యంత్రం భావించదు. తెలియదని మాత్రమే భావిస్తుంది. ఒక కంప్యూటర్‌కు ప్యాచ్ వేసినట్లు నమోదు కాకపోతే, ప్యాచ్ వేయలేదని అది తేల్చదు. చెప్పనిదంతా లేనిదని భావించరాదు అనేది దాని నియమం. రక్షణ విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం. ‘లేదు’ అనడం ఒకటి, ‘తెలియదు’ అనడం మరొకటి. కనుక ఏ యంత్రాలను పూర్తిగా తనిఖీ చేశారో, వేటిని చేయలేదో ప్రత్యేకంగా రాయవలసి ఉంటుంది. అభావాన్ని కూడా ఒక పదార్థంగా పరిగణించిన తార్కికుల సూక్ష్మదృష్టి ఇక్కడ స్మరణకు వస్తుంది.

రెండవది, ఆంటాలజీ దానికి అందించిన విషయాలను మించి సత్యాన్ని చెప్పలేదు. హార్డ్ డిస్కును మరొక భవనానికి మార్చిన తరువాత ఆ సంగతి నమోదు చేయకపోతే తర్కం సరిగానే ఉన్నా ఫలితం తప్పవుతుంది. దానిని నిర్మించడానికీ, నిత్యం సరిచూచుకోవడానికీ శ్రమ, నైపుణ్యం కావాలి. చిన్న సంస్థలకు ఇది భారమే.

మూడవది, ముప్పు సంభవించే అవకాశం ఎంత అన్న ప్రశ్నకు సంబంధాల నిర్మాణం ఒక్కటే సమాధానం ఇవ్వదు. దానికి గత అనుభవం, నిపుణుల అంచనా అవసరం. నాలుగవది, ఏ యంత్రంలో ఏ లోపం ఉన్నదో తెలిపే ఆంటాలజీ శత్రువు చేతికి చిక్కితే అదే వారికి దారి చూపే పటమవుతుంది. కనుక దానిని కూడా కాపాడవలసిన సంపదలలో ఒకటిగా లెక్కించాలి.

వీటన్నింటికన్నా ముందు ఒక మాట గుర్తుంచుకోవాలి. ఏ సంపద విలువైనది, ఎంత నష్టాన్ని సహింపవచ్చు అనే నిర్ణయం మనుషులదే. వెయ్యి రూపాయల యంత్రం ఆగినప్పుడు ఒక నిరుపేద విద్యార్థి స్కాలర్‌షిప్పు ఆగితే, ఆ నష్టాన్ని యంత్రం ధరతో కొలవరాదు. సంపదకు విలువ కట్టేవారు ఆ విద్యార్థిని కూడా లెక్కలోకి తీసుకొంటేనే ఆంటాలజీ ఆ సంబంధాన్ని చూపగలదు.

ముగింపు

ఆంటాలజీ దాడులను ఆపే ఆయుధం కాదు. ప్యాచ్ వేయవలసింది ఉద్యోగి. నకలును వేరొక చోట ఉంచవలసింది సంస్థ. అందుకు డబ్బు మంజూరు చేయవలసింది అధికారి. అయితే ఎవరు, ఏ పని, ఎక్కడ ముందుగా చేయాలో నిర్ణయించడానికి అది దోహదం చేస్తుంది. 2017లో ఇంగ్లండు ఆసుపత్రులకు హెచ్చరిక అందింది. ఆ హెచ్చరికకూ, గదిలోని యంత్రానికీ, ఆ యంత్రం మీద ఆధారపడిన రోగికీ మధ్య గల సంబంధం తెలిసినప్పుడే హెచ్చరిక కార్యరూపం ధరిస్తుంది. పదాన్ని సరైన అర్థంలో వాడడం భాషాధ్యయనంలో మొదటి పాఠం. సమాచార రక్షణకు పూనుకొనే వారికి కూడా అదే మొదటి పాఠం.

కఠిన పదాలు – అర్థాలు

ఉపద్రవం : ఆపద, ఉత్పాతం
నియతమైన : కట్టుబాటు గల, క్రమబద్ధమైన
కరదీపిక : చేతిపుస్తకం, దారి చూపే గ్రంథం
నిగమనం : తర్కం ద్వారా చేరే తుది నిర్ణయం
స్వసంజ్ఞ : తన శాస్త్రంలో తాను ఏర్పరచుకొన్న పేరు
ఏకవాక్యత : అందరి మాట ఒకటిగా ఉండడం
దోహదం : సహాయం, ప్రోత్సాహం

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.

1. ఆంటాలజీ స్వరూపాన్ని వివరించి, నష్టసంభావ్యతా విశ్లేషణకు అది ఏ విధంగా తోడ్పడుతుందో సోదాహరణంగా తెలపండి.
2. సమాచార రక్షణలో ఆంటాలజీ ప్రయోజనాలను, పరిమితులను సమీక్షించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహరూప సమాధానాలు రాయండి.

1. గోప్యత, సమగ్రత, లభ్యత అనగా ఏమిటి? ఒక్కొక్కదానికి ఒక ఉదాహరణ ఇవ్వండి.
2. మార్కుల జాబితా నకలు ఉన్నప్పటికీ కళాశాలకు నష్టసంభావ్యత ఎందుకు తొలగలేదు?
3. ‘లేదు’, ‘తెలియదు’ అనే మాటల మధ్య భేదం సమాచార రక్షణలో ఎందుకు ముఖ్యం?

ఇ) కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.

1. పేరు కుదిరితే గాని పని కుదరదు.
2. చెప్పనిదంతా లేనిదని భావించరాదు.

ఈ) సంధులు

పదార్థం = పద + అర్థం – సవర్ణదీర్ఘ సంధి
రక్షణోపాయం = రక్షణ + ఉపాయం – గుణ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
విషయమంతా = విషయము + అంతా – ఉకార సంధి

ఉ) సమాసాలు

సమాచార రక్షణ : సమాచారము యొక్క రక్షణ – షష్ఠీ తత్పురుష సమాసం
అగ్నిభయం : అగ్ని వలన భయం – పంచమీ తత్పురుష సమాసం
గుణకర్మలు : గుణమును, కర్మయును – ద్వంద్వ సమాసం
ఏడు పదార్థాలు : ఏడు సంఖ్య గల పదార్థాలు – ద్విగు సమాసం

ఊ) ప్రాజెక్టు పని

మీ కళాశాల గ్రంథాలయంలోని పుస్తకాల రికార్డును ఒక సంపదగా తీసుకోండి. అది ఎక్కడ ఉన్నదో, దానికి ఏ ముప్పు, ఏ లోపం, ఏ రక్షణోపాయం ఉన్నదో గ్రంథపాలకుని అడిగి తెలుసుకోండి. ‘లో ఉన్నది’, ‘హాని చేస్తుంది’, ‘నివారిస్తుంది’ అనే మూడు సంబంధాలను మాత్రమే ఉపయోగించి పది వాక్యాలు రాయండి. ఆ వాక్యాల నుంచి, మీరు రాయని కొత్త విషయం ఏదైనా వెలువడుతుందేమో తరగతిలో చర్చించండి.